క్రెడిట్ కార్డు బ్యాంకుతో పేచీ వస్తే ముందు రోజులు లెక్కపెట్టండి

క్రెడిట్ కార్డు రద్దు చేయమని మీరు అడిగితే బ్యాంకు ఏడు పనిదినాల్లో రద్దు చేయాలి. చేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ ₹500 చొప్పున మీకే చెల్లించాలి. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. "బ్యాంకు మనకి డబ్బు కట్టడమేంటి?" అంటారు. కానీ ఇది 2022 నుంచి మన దేశంలో అమల్లో ఉన్న నిబంధన. దాన్ని చూపించి డబ్బు తీసుకున్నవాళ్లలో నేనూ ఒకడిని. ఆ సంగతి కింద చెబుతాను.

2022 ఏప్రిల్ 21న రిజర్వ్ బ్యాంక్ క్రెడిట్, డెబిట్ కార్డుల మీద ఒక సమగ్ర ఆదేశం ఇచ్చింది. ఆ ఏడాది జులై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కొన్ని అంశాలకు మాత్రం బ్యాంకులు అడిగితే అక్టోబరు 1 దాకా గడువు ఇచ్చారు. 2024 మార్చిలో కొన్ని సవరణలు చేశారు. అంతకుముందే, 2017 జులై 6న, మన ప్రమేయం లేకుండా డబ్బు పోతే ఎవరు ఎంత భరించాలో చెబుతూ మరో ఆదేశం ఇచ్చారు. ఇవి సలహాలు కావు, బ్యాంకులు పాటించి తీరాల్సినవి.

వీటిని నెమ్మదిగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. దాదాపు ప్రతి హక్కుకూ ఒక రోజుల లెక్క ఉంది. మూడు రోజులు, ఏడు రోజులు, రెండు వారాలు, ముప్పై రోజులు, తొంభై రోజులు. ఫిర్యాదు ఎప్పుడు చేశారో మీ దగ్గర రుజువు ఉంటేనే ఆ లెక్క మీకు పనికొస్తుంది. కస్టమర్ కేర్‌తో ఫోన్లో గంటసేపు పోట్లాడినా, చేతిలో ఫిర్యాదు నంబరు, తేదీ లేకపోతే ఆ గంట జరగనట్టే. అందుకే ఏ సమస్యకైనా మొదటి పని ఒకటే: మెయిల్ రాయండి, లేదా యాప్‌లో ఫిర్యాదు నమోదు చేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫోన్ చేయక తప్పకపోతే రిఫరెన్స్ నంబరు అడిగి తీసుకుని, "ఈ రోజు ఇన్ని గంటలకు ఫోన్లో ఇది చెప్పాను, నంబరు ఇది" అని అప్పుడే ఒక మెయిల్ పెట్టండి.

మెయిల్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకుని నెలవారీ స్టేట్‌మెంట్లు, కార్డు తీసుకున్నప్పుడు ఇచ్చిన షరతుల పత్రం, ఫిర్యాదులు అన్నీ అందులోనే దాచండి.

బిల్లు చదివే పద్ధతి

స్టేట్‌మెంట్ రాగానే అందరి కళ్లూ పడేది రెండు అంకెల మీద. కట్టాల్సిన మొత్తం, కట్టాల్సిన కనీస మొత్తం. రెండోది చిన్నగా, ఊరటగా కనిపిస్తుంది. దాని జోలికి వెళ్లే ముందు ఒకసారి కాగితం మీద లెక్క వేయండి.

బకాయి లక్ష రూపాయలు, వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం. ఏడాదికి చూస్తే అది 42 శాతం. ఒక నెల వడ్డీ ₹3,500. దాని మీద 18 శాతం జీఎస్టీ, ₹630. రెండూ కలిపి ₹4,130. మీరు కనీస మొత్తంగా ఐదు వేలు కట్టారనుకోండి, అసలులో తగ్గేది ₹870 మాత్రమే. నెలంతా ఒక్క రూపాయి కూడా కొత్తగా ఖర్చు పెట్టకపోయినా ఇదీ పరిస్థితి. పైగా పాత బకాయి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ప్రతినెలా కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ నెలలు, ఏళ్ల తరబడి సాగుతుందని స్టేట్‌మెంట్ మీద హెచ్చరిక వేయాలని ఆర్‌బీఐ అందుకే పట్టుబట్టింది. మీ స్టేట్‌మెంట్ తెరిచి చూడండి, ఉంటుంది. మనమే చదవం.

వడ్డీ రేటును చట్టం తగ్గిస్తుందని మాత్రం ఎదురుచూడకండి. 30 శాతం దాటిన వడ్డీ అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నా ఉద్దేశంలో కార్డుదారులకు అది పెద్ద నష్టం. ఇప్పుడు మనకు మిగిలిన రక్షణ వడ్డీ రేటులో లేదు, బ్యాంకు ఏ పద్ధతిలో వసూలు చేయాలో చెప్పే నియమాల్లో ఉంది. కాబట్టి బిల్లులో చూడాల్సినవి అవే.

బిల్లు వచ్చాక కట్టడానికి కనీసం రెండు వారాల సమయం ఉండాలి. స్టేట్‌మెంట్ ఆలస్యంగా వస్తే ఆ మెయిల్ వచ్చిన తేదీ దాచండి. లేట్ ఫీజును మొత్తం బిల్లు మీద లెక్కకట్టకూడదు, గడువు దాటాక కట్టకుండా మిగిలిన సొమ్ము మీదే వేయాలి. ₹40,000 బిల్లులో ₹38,000 కట్టారంటే, లేట్ ఫీజు లెక్క ₹2,000కి ఏ శ్లాబు వర్తిస్తుందో దాన్ని బట్టి ఉండాలి, నలభై వేల శ్లాబు కాదు. అది కూడా డ్యూ డేట్ దాటి మూడు రోజుల కంటే ఎక్కువైతేనే. ఈ మూడు రోజుల వెసులుబాటు లేట్ ఫీజుకీ, క్రెడిట్ బ్యూరోకు (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్ లాంటి సంస్థకు) రిపోర్ట్ చేయడానికీ సంబంధించింది. వడ్డీ లేని గడువు డ్యూ డేట్‌తోనే పోతుంది, కాబట్టి దీన్ని అలవాటు చేసుకోకండి.

కట్టని ఫీజులు, పన్నులను అసలులో కలిపేసి వాటి మీద మళ్లీ వడ్డీ వేయడం కూడా కుదరదు. కొత్త చార్జీ పెట్టాలన్నా, ఉన్నది పెంచాలన్నా కనీసం నెల ముందు చెప్పాలి, పాత తేదీ నుంచి వసూలు చేయకూడదు. ఇక ఈఎంఐల విషయం. "నో కాస్ట్ ఈఎంఐ" అని చెప్పి వడ్డీని ఎక్కడో దాచిపెట్టడం నిషేధం. అసలు ఎంత, వడ్డీ ఎంత, ముందస్తు డిస్కౌంట్ ఎంత అనేది ఈఎంఐగా మార్చే ముందే చూపించాలి. స్టేట్‌మెంట్‌లో కూడా విడివిడిగా ఉండాలి.

బిల్లులో ఏ పద్దు తప్పనిపించినా రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు చేసిన రోజు నుంచి గరిష్ఠంగా 30 రోజుల్లో బ్యాంకు వివరణ ఇవ్వాలి, అవసరమైన చోట ఆధారాలూ చూపించాలి. అది మోసపు లావాదేవీ అని మీరు చెబితే, తేలేదాకా దాని మీద చార్జీలు వేయకూడదు.

అడగని కార్డు ఇంటికొస్తే

ముందు కవరు దాచండి, తర్వాత కార్డును యాక్టివేట్ చేయకుండా పక్కన పెట్టండి. అడగని కార్డు ఇవ్వడం నిషేధం. మీ ఒప్పుకోలు లేకుండా కార్డు ఇచ్చి బిల్లు వేస్తే, ఆ సొమ్ము వెనక్కి తీసుకోవడమే కాదు, దానికి రెట్టింపు జరిమానాగా మీకు ఇవ్వాలి. ₹1,000 వార్షిక రుసుము వేశారంటే, ఆ వెయ్యి రద్దు చేసి రెండు వేలు మీకివ్వాలి. అలాంటి కార్డు మీ చేతికి చేరకముందే ఎవరైనా వాడేసినా నష్టం బ్యాంకుదే.

కార్డు ఇచ్చాక 30 రోజులు దాటినా యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు ఓటీపీ ద్వారా మీ అనుమతి అడగాలి. మీరు ఒప్పుకోకపోతే ఏడు పనిదినాల్లో, ఏ చార్జీ లేకుండా, ఖాతా మూసేయాలి. అందుకని తెలియని కార్డు గురించి ఓటీపీ వస్తే ఫోన్లో అవతలివాళ్లు ఎంత తీయగా మాట్లాడినా చెప్పకండి. ఆ ఆరు అంకెలే మీ ఒప్పుకోలు. లిమిట్ పెంచడానికీ, కార్డుతో పాటు బీమా అంటగట్టడానికీ కూడా మీ స్పష్టమైన అనుమతి ఉండాలి. స్టేట్‌మెంట్‌లో నెలనెలా బీమా పేరుతో చిన్న మొత్తం పోతుంటే, "నేను ఎప్పుడు, ఎలా ఒప్పుకున్నానో చూపించండి" అని రాయండి. ఆ ఒక్క వాక్యం చాలు.

మీకు తెలియకుండా డబ్బు పోతే

ఇక్కడ గంటలు కూడా లెక్కే. ఎస్ఎంఎస్ చూడగానే యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి. తర్వాత బ్యాంకు ఫ్రాడ్ నంబరుకు చెప్పి రిఫరెన్స్ తీసుకోండి. మెయిల్ పెట్టండి. వెంటనే 1930కి, అంటే జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. టెన్షన్‌లో ముందు ఇంట్లోవాళ్లకి, స్నేహితులకి చెప్పి సలహాలు అడుగుతూ కూర్చుంటాం. ఆ లోపు దొంగ ఇంకో లావాదేవీ చేస్తాడు.

2017 ఆదేశం లెక్క ఇదీ. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా మీ మీద భారం లేదు. తప్పు బ్యాంకుదీ కాదు, మీదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందనుకోండి: బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే మీ భారం సున్నా. సమాచారం అందిన రోజును లెక్కలోకి తీసుకోరు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే, లిమిట్ ఐదు లక్షల లోపు ఉన్న క్రెడిట్ కార్డుకు గరిష్ఠంగా ₹10,000, అంతకు మించి లిమిట్ ఉంటే ₹25,000 దాకా మీరు భరించాల్సి రావచ్చు. పోయిన సొమ్ము అంతకంటే తక్కువైతే ఆ తక్కువే. ఏడు దాటితే బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ప్రకారం, అంటే మీ చేతిలో ఏమీ లేనట్టే.

ఓటీపీ మీరే చెప్పేసినా చేతులెత్తేయకండి. బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీ మీద పడుతుంది. చెప్పిన క్షణం తర్వాత పోయింది మాత్రం బ్యాంకే భరించాలి. సిగ్గుపడి దాచుకునేవాళ్లను చూశాను, ముఖ్యంగా పెద్దవాళ్లు. పిల్లలు తిడతారని రెండు రోజులు చెప్పరు. ఇంట్లో పెద్దవాళ్లకు కార్డు ఉంటే ఈ ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పి ఉంచండి: పొరపాటు జరిగితే ఎవరూ ఏమీ అనరు, వెంటనే చెప్పాలి అంతే.

ఫిర్యాదు చేశాక పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా మీ ఖాతాలో వెనక్కి వేయాలి. 90 రోజుల్లో తేల్చాలి. ఆ గడువులో క్రెడిట్ కార్డు మీద అదనపు వడ్డీ భారం మీ మీద పడకూడదు. మీరే తప్పు చేశారని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుది. "ఓటీపీతోనే జరిగింది కదా, మాకు సంబంధం లేదు" అని ఒక్క ముక్కలో జవాబొస్తే, రుజువు చూపించమని తిరిగి రాయండి.

కార్డు రద్దు చేసుకునేటప్పుడు

నా సంగతి ఇదీ. వార్షిక రుసుము ఉన్న ఒక కార్డు వాడటం మానేశాను. రద్దు చేయమని ఫోన్ చేస్తే మొదటిసారి "మీకోసం మంచి ఆఫర్ ఉంది సర్" అన్నారు. రెండోసారి "రిక్వెస్ట్ తీసుకున్నాం" అన్నారు. నంబరు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. నెల తిరిగేసరికి ₹1,180 రుసుముతో స్టేట్‌మెంట్ వచ్చింది. మూడోసారి ఫోన్ చేస్తే, మా రికార్డులో రిక్వెస్టే లేదన్నారు. అప్పుడు నిబంధనలు చదివాను.

ముందు యాప్‌లో చూస్తే, ఆ రుసుము కాక ఇంకా బిల్లు కాని ₹18.40 ఏదో పన్ను మిగిలి ఉంది. ఇది ముఖ్యం. బకాయి ఒక్క రూపాయి ఉన్నా రోజుకు ₹500 నిబంధన వర్తించదు. అందుకని స్టేట్‌మెంట్‌ను నమ్ముకోకుండా, బిల్లు కానివి కూడా చూసి, ఈఎంఐలు ఉంటే తేల్చుకుని, ఆటోపేలు తీసేసి, మొత్తం సున్నా చేశాకే అడగాలి. రివార్డు పాయింట్లు ఉంటే అవి కూడా ముందే వాడేసుకోండి. నేను అంతా కట్టేసి, సున్నా బకాయి కనిపిస్తున్న స్క్రీన్‌షాట్ జతచేసి, సోమవారం ఇలా మెయిల్ పెట్టాను:

"నా క్రెడిట్ కార్డు (చివరి నాలుగు అంకెలు ఇవి) శాశ్వతంగా రద్దు చేయగలరు. ఈ రోజుకు బకాయి సున్నా, స్క్రీన్‌షాట్ జతచేశాను. ఆర్‌బీఐ 2022 ఆదేశం ప్రకారం ఏడు పనిదినాల్లో రద్దు చేసి మెయిల్, ఎస్ఎంఎస్ ద్వారా తెలియజేయాలి. ఆలస్యమైతే రోజుకు ₹500 చొప్పున నా సేవింగ్స్ ఖాతాలో జమ చేయగలరు. వేరే ఆఫర్లు నాకు అవసరం లేదు."

చివరి వాక్యం కావాలనే పెట్టాను. అది లేకపోతే ఆఫర్ల ఫోన్లు మొదలవుతాయి. మధ్యలో రెండో శనివారం వచ్చింది కాబట్టి తర్వాతి బుధవారంతో ఏడు పనిదినాలు అయ్యాయి. కార్డు రద్దయినట్టు మెసేజ్ వచ్చింది ఆ పై వారం శుక్రవారం. తొమ్మిది రోజుల ఆలస్యం. ఏడు రోజులకు పనిదినాలే లెక్క కానీ, ఆలస్యానికి క్యాలెండర్ రోజులు లెక్క, శని ఆదివారాలు కూడా కలుస్తాయి. ₹4,500 అడిగాను. "సద్భావంతో ₹500 ఇస్తాం" అన్నారు. తేదీలన్నీ వరుసగా రాసి మళ్లీ పంపితే నాలుగు రోజుల తర్వాత పూర్తి మొత్తం జమైంది. వాదన ఏమీ చేయలేదు, తేదీలు రాశానంతే.

రద్దు కోసం ఉత్తరం పోస్టులో పంపమని, బ్రాంచికి రమ్మని పట్టుబట్టకూడదు. హెల్ప్‌లైన్, మెయిల్, వెబ్‌సైట్‌లో కనిపించే లింకు, నెట్ బ్యాంకింగ్, యాప్ ఇవన్నీ అందుబాటులో ఉంచాలి. ఏడాదికి పైగా వాడని కార్డును బ్యాంకే మీకు చెప్పి, 30 రోజుల్లో జవాబు రాకపోతే మూసేయొచ్చు. పాత కార్డును అత్యవసరానికని దాచుకున్నవాళ్లు ఆ మెసేజ్‌ను చూడకుండా వదిలేయొద్దు.

కట్టలేని పరిస్థితి వస్తే

మిమ్మల్ని ఎగవేతదారుగా క్రెడిట్ బ్యూరోకు చెప్పే ముందు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి. తర్వాత బకాయి తీర్చేస్తే 30 రోజుల్లో రికార్డు సరిచేయాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున అడిగితే ఏడాది పొడవునా ఒక కన్నేసి ఉంచవచ్చు. తప్పు ఉందని ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు ₹100 పరిహారం ఉంది.

రికవరీ ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, తిట్టకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, మీ బంధువులను, స్నేహితులను ఇబ్బంది పెట్టకూడదు. బాకీ ఉండటం నేరమన్నట్టు మాట్లాడతారు. మీరు బాకీ ఉన్న మాట నిజమే కావచ్చు, అయినా ఈ హక్కులు పోవు. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్, రికార్డింగ్, వచ్చిన మెసేజ్‌లు దాచి, ఏజెంటుతో వాదించకుండా నేరుగా బ్యాంకుకు రాయండి. ఏజెంటు చేసినదానికి బ్యాంకే బాధ్యురాలు. అదే మెయిల్‌లో మీరు నెలకు ఎంత కట్టగలరో కూడా రాస్తే మాటలు దారిలో పడతాయి.

బ్యాంకు వినకపోతే

ముందు కస్టమర్ కేర్, తర్వాత నోడల్ అధికారి, అంటే బ్యాంకులో ఫిర్యాదులు చూసే పై అధికారి. వారి మెయిల్ చిరునామా బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది. మొదటి ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో నమోదు చేయొచ్చు, లేదా చండీగఢ్‌లోని ఆర్‌బీఐ ఫిర్యాదుల స్వీకరణ కేంద్రానికి ఉత్తరం పంపొచ్చు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడేవాళ్లు కూడా ఉంటారు. బ్యాంకుకు చెప్పకుండా నేరుగా ఇక్కడికి వెళితే మాత్రం ఫిర్యాదు తిరస్కరిస్తారు. జవాబు వచ్చాక నెలల తరబడి నానబెట్టినా ఇబ్బందే.

ఫిర్యాదులో కథ వద్దు. ఏ తేదీన ఏం జరిగింది, ఏ తేదీన బ్యాంకుకు చెప్పారు, రిఫరెన్స్ నంబరు ఏంటి, బ్యాంకు ఏమంది, మీకు ఎంత రావాలి. ఒక పేజీ సరిపోతుంది. ఫోల్డర్‌లో దాచినవన్నీ తేదీల వరుసలో జతచేయండి.

అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. సేవకు మీరు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. అదే విషయం మీద కోర్టులో, కమిషన్‌లో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి అంబుడ్స్‌మన్ దారి ముందు చూసుకోండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, అడిగి తెలుసుకోవచ్చు.